దిగని సైకిలు, సాగిపోయే పందెం: పశ్చిమ ప్రకాశం నుంచి సైకిలు వీక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం:
రహదారి సైకిలు పందేన్ని దారి పక్కన నిలబడి చూడడం, ఆ తరువాత టెలివిజన్‌లో చూడడం ఐరోపాలో ఒక ప్రేక్షక సంస్కృతిగా స్థిరపడ్డాయి. తెలుగు పల్లెల్లో సైకిలు ఇందుకు భిన్నమైన ప్రదర్శనగా జనం ముందుకు వచ్చింది. రోజుల తరబడి నేల మీద కాలు మోపకుండా ఒకే గిరిలో తిరిగే ‘సైకిలు తొక్కుడు’ అది. ఈ రెండు వీక్షణ రూపాలనూ పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో పోల్చి, వాటి ఆర్థిక పునాదులలోని భేదాన్నీ, ఆ భేదం చారిత్రక స్మృతిపై చూపిన ప్రభావాన్నీ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైకిలు పందెం, ప్రేక్షకుడు, టెలివిజన్, సైకిలు తొక్కుడు, చదివింపులు, మార్కాపురం, గిద్దలూరు.

1. ఉపోద్ఘాతం

జూలై నెలలో టూర్ డి ఫ్రాన్స్ జరిగే రోజుల్లో దశల ముగింపు భారత కాలమానం ప్రకారం తరచుగా రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో వస్తుంది. అది మన ఇళ్ళలో భోజనాల వేళ. కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక రాత్రి మా ఇంట్లో ఆ ప్రసారం నడుస్తుండగా మా నాయన కొంతసేపు చూసి, “వీళ్ళు ఎన్ని రోజులు దిగకుండా తొక్కుతారు?” అని అడిగారు. రోజూ సాయంత్రానికి దిగిపోతారనీ, రాత్రి హోటల్లో పడుకొని మరునాడు మళ్ళీ బయలుదేరుతారనీ చెప్పాను. “అట్టయితే ఇందులో ఏముంది?” అన్నారాయన.

ఆ మాట అమాయకంగా వచ్చిందేమీ కాదు. సైకిలును ప్రదర్శనగా చూసిన ఒక తరానికి, దాన్ని అంచనా కట్టడానికి సొంత కొలమానం ఉన్నదని అది తెలియజేస్తుంది. ఐరోపా ప్రేక్షకుడు ఎవరు ముందు చేరారని చూస్తాడు. మా ప్రాంతపు ప్రేక్షకుడు ఎవరు దిగకుండా నిలిచారని చూశాడు. ఈ రెండు చూపులకు ఉన్న చరిత్రే ఈ వ్యాసానికి విషయం.

2. పందెం పుట్టుక: పత్రిక, రహదారి, ప్రేక్షకుడు

రహదారి పందేలు 19వ శతాబ్దపు చివరి భాగంలో ఫ్రాన్సులో ఊపందుకొన్నాయి. 1869లో పారిస్ నుంచి రువాన్ వరకు పందెం జరిగింది. 1891లో పారిస్–బ్రెస్ట్–పారిస్, 1896లో పారిస్–రూబే పందేలు ప్రారంభమయ్యాయి. వీటి వ్యాప్తికి పత్రికలు ప్రధాన కారణం. పందెం పొడవునా ఏం జరిగిందో ఏ ఒక్క ప్రేక్షకుడూ చూడలేడు. తన ముందునుంచి సాగిపోయిన దృశ్యం తప్ప అతనికి మిగతాది తెలియదు. ఆ మిగతాది తెలియజేసే కథనం కోసం మరునాడు పత్రిక కొనవలసిందే.

టూర్ డి ఫ్రాన్స్ పుట్టుక ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపుతుంది. డ్రైఫస్ వ్యవహారం ఫ్రెంచి సమాజాన్ని రెండుగా చీల్చిన కాలంలో ‘ల వెలో’ అనే క్రీడాపత్రికతో విభేదించిన పారిశ్రామికులు 1900లో దానికి పోటీపత్రికను స్థాపించారు. అదే తరువాత ‘లోటో’ అయింది. దాని సంపాదకుడు ఆన్రి దెగ్రాంజ్. పత్రిక అమ్మకాలు పెంచడానికి, సహోద్యోగి జియో లెఫెవ్ర్ సూచనపై, దేశమంతా చుట్టివచ్చే పందేన్ని 1903 జూలైలో నిర్వహించారు. 60 మంది బయలుదేరిన ఆ పందెంలో 6 దశలు, మొత్తం సుమారు 2,428 కిలోమీటర్లు. విజేత మోరిస్ గారాన్. మరుసటి సంవత్సరమే ‘ల వెలో’ మూతపడింది. లోటో పత్రికను పసుపు కాగితంపై అచ్చువేసేవారు. 1919 నుంచి అగ్రస్థానంలో ఉన్నవారు ధరిస్తున్న పసుపు చొక్కాకు అదే మూలమని చెబుతారు. ఇటలీలో 1909లో మొదలైన జీరో పందేన్ని కూడా ‘లా గజెత్తా దెల్లో స్పోర్ట్’ అనే పత్రికే స్థాపించింది. దాని కాగితం గులాబీరంగు. 1931 నుంచి అక్కడి నాయకుడి చొక్కా కూడా గులాబీరంగే.

3. దారి పక్క చూపు

దారి పక్కన నిలిచేవానికి టికెట్టు లేదు. గంటలకొద్దీ నిరీక్షించిన తరువాత గుంపు కొన్ని క్షణాలలో ముందునుంచి సాగిపోతుంది. అందుకే పర్వతమార్గాలు ప్రేక్షకులకు ఇష్టమైన చోట్లు అయ్యాయి. 1910లో పిరనీ పర్వతాలలోకి, 2,115 మీటర్ల ఎత్తున ఉన్న తూర్మలె కనుమ మీదుగా పందెం ప్రవేశించింది. ఎక్కుడులో వేగం తగ్గుతుంది, గుంపు చెదురుతుంది, ఒక్కొక్కరి ముఖమూ కనిపిస్తుంది.

ఈ సామీప్యం ప్రమాదం లేనిది కాదు. 1904లో సెంతెచ్యెన్ సమీపంలోని కనుమ దగ్గర స్థానిక పోటీదారుని అభిమానులు ఇతరులపై దాడిచేశారు. ఆ ఏడాది అక్రమాల కారణంగా మొదటి నాలుగు స్థానాలవారినీ అనర్హులుగా ప్రకటించారు. విజయం 19 ఏళ్ళ ఆన్రి కోర్నెకు దక్కింది. 1999లో ఆల్ప్ దుయెజ్ ఎక్కుడులో ఫొటో తీయబోయిన ప్రేక్షకుడొకడు జ్యుసెప్పె గెరీనిని ఢీకొన్నాడు. గెరీని లేచి ఆ దశను గెలిచాడు. 2021లో మొదటి దశలో ఒక ప్రేక్షకురాలు అట్టముక్క మీద రాసిన సందేశాన్ని దారిలోకి చాచడంతో టోనీ మార్టిన్ పడిపోయాడు. అతని వెనక గుంపులో పెద్దభాగం కూలింది. ఆమె సైకిళ్ళకు వీపు పెట్టి కెమెరా వైపు చూస్తూ నిలబడింది. దారి పక్క చూపును టెలివిజన్ ఎంతగా మార్చిందో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

4. తెర మీద చూపు

1948లో పారిస్‌లో పందెం ముగింపును టెలివిజన్‌లో ప్రత్యక్షంగా చూపారు. తరువాతి దశాబ్దాలలో కెమెరాలు మోటారుసైకిళ్ళ మీదికి, హెలికాప్టర్లలోకి చేరాయి. దారి పక్క క్షణకాలం కనిపించే దృశ్యం ఇంట్లో గంటల తరబడి కనిపించసాగింది. పత్రిక మరునాడు చెప్పిన కథను తెర అప్పటికప్పుడే చెప్పింది.

పందెం లోపలి వ్యూహాన్ని కూడా తెర బయటపెట్టింది. ముందున్నవాడు గాలిని చీల్చుకొంటూ పోతే వెనక చక్రాన్ని అంటిపెట్టుకొన్నవానికి శ్రమ బాగా తగ్గుతుంది. అందువల్ల జట్టులోని సహచరులు నాయకునికి గాలి తగలకుండా వంతులవారీగా ముందు నడుస్తారు. గెలిచేవాడు ఒకడే అయినా గెలిపించే శ్రమ సమష్టిది. దారి పక్క నిలబడినవానికి ఈ సంగతి పూర్తిగా తెలిసే అవకాశం తక్కువ.

భారతదేశంలో సైకిలు క్రీడకు ఆ స్థాయి తెర దొరకలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లోనే సైక్లింగ్ ఉంది. 1982 ఆసియా క్రీడలు దూరదర్శన్ రంగుల ప్రసారాలను దేశానికి పరిచయం చేశాయి. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో వెలోడ్రోమ్ కట్టారు. 2010 కామన్వెల్త్ క్రీడల రహదారి పందెం ఢిల్లీ వీధుల్లో జరిగింది. ఇవన్నీ రాజధానుల సంఘటనలు. జిల్లా రహదారి పక్కన నిలబడే ప్రేక్షకుని దాకా అవి రాలేదు.

5. పశ్చిమ ప్రకాశంలో సైకిలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970లో కొత్త జిల్లాలో చేరేవరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. నల్లమల అంచున, వర్షాధార వ్యవసాయం, పలకల పరిశ్రమ ఆధారంగా బతికిన సీమ ఇది. గిద్దలూరు నుంచి నంద్యాలకూ, దోర్నాల నుంచి శ్రీశైలానికీ వెళ్ళే ఘాట్ రోడ్లు పర్వతదశలను తలపిస్తాయి. దారులు లేక ఇక్కడ పందేలు పుట్టలేదని చెప్పలేం.

ఇక్కడ సైకిలు మొదటినుంచీ పనిముట్టు. స్వాతంత్ర్యానంతరం మద్రాసులో హెర్క్యులస్, సోనీపత్‌లో అట్లాస్, లూధియానాలో హీరో సైకిళ్ళ తయారీ మొదలయ్యాక అది క్రమంగా పల్లెలకు చేరింది. పాలక్యాన్లు, బట్టలమూటలు, అల్యూమినియం గిన్నెలు, ఐసుపెట్టె, తపాలాసంచి దాని మీదే తిరిగాయి. కొనలేనివారికి గంట లెక్కన అద్దెకిచ్చే అంగళ్ళు ఉండేవి. సీటు అందని పిల్లలు కడ్డీ కింద కాలు దూర్చి తొక్కడం నేర్చుకొనేవారు. ఐరోపాలో సైకిలు తయారీదారులు తమ సరుకు గట్టిదని నిరూపించుకోవడానికి జట్లను పోషించారు. ఇక్కడ ఆ గట్టిదనాన్ని కొనుగోలుదారుడు వడ్లబస్తా వేసి చూసుకొన్నాడు. వృత్తి పందెగాడు పుట్టకపోవడానికి ఇదొక ముఖ్యకారణమై ఉండవచ్చు.

6. గిరిలో తిరిగే సైకిలు

వృత్తి పందెగాడు లేకపోయినా వృత్తి సైకిలు కళాకారుడు ఉన్నాడు. ఊరి నడుమ ఖాళీస్థలంలో ఒక గుంజ పాతి, దానికి మైకు, ట్యూబులైట్లు కట్టి, చుట్టూ గిరి గీసేవారు. కళాకారుడు ఆ గిరిలో మూడు, ఐదు లేదా ఏడు రోజులు కాలు నేలకు తాకించకుండా తిరిగేవాడు. తిండి, స్నానం, గడ్డం గీసుకోవడం, బట్టలు మార్చుకోవడం అన్నీ సైకిలు మీదే. సాయంత్రం జనం చేరాక విన్యాసాలు మొదలయ్యేవి. నేల మీది రూపాయినోటును నోటితో అందుకోవడం, నలుగురైదుగురిని ఎక్కించుకొని తొక్కడం, పళ్ళతో మరో సైకిలును పైకెత్తడం, ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకోవడం వాటిలో కొన్ని. నడుమ రికార్డు డాన్సులు ఉండేవి.

దీనికీ టికెట్టు లేదు. ఆదాయమంతా చదివింపులే. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో ఇంటిపేరుతో సహా చదివేవారు. బియ్యం, జొన్నలు, పంచె, తువ్వాలు కూడా చదివింపుల్లో వచ్చేవి. చివరిరోజు ఊరిపెద్దలు పూలదండ వేసి దింపేవారు.

నేను బడిలో చదివే రోజుల్లో, ఈ కళ చివరిదశలో, మా ఊరిలో ఒక ఏడురోజుల ప్రదర్శన చూశాను. చివరి రాత్రి అతన్ని దించినప్పుడు పాదాలు వాచి ఉన్నాయి. ఇద్దరు పట్టుకొంటే తప్ప నిలబడలేకపోయాడు. వారం రోజులు మైకులో విన్న అతని పేరు ఇప్పుడు నాకు గుర్తులేదు. ఈ వ్యాసం రాయడానికి ముందు ఊరిలో పెద్దలను అడిగాను. ఆ ఏడు ఎవరు నూటపదహార్లు చదివించారో ఇద్దరు చెప్పగలిగారు. తొక్కినవాని పేరు ఎవరూ చెప్పలేకపోయారు.

7. తులనాత్మక పరిశీలన

రహదారి పందెంలో ప్రేక్షకుడు దారి పొడవునా పరచుకొని ఉంటాడు. పందెం అతని దగ్గరికి వచ్చి దాటిపోతుంది. సైకిలు తొక్కుడులో ప్రేక్షకుడు పొలానికి వెళ్ళి, వచ్చి, భోంచేసి మళ్ళీ వచ్చి చూస్తాడు. కళాకారుడు అక్కడే ఉంటాడు. మొదటిదానిలో దూరం, రెండోదానిలో కాలం పరీక్షకు నిలుస్తాయి.

దాటిపోయేదాన్ని నిలబడి చూసే అలవాటు తెలుగువారికి లేదని దీని అర్థం కాదు. మార్కాపురం చెన్నకేశవస్వామి రథోత్సవానికి వీధి పక్కన నిరీక్షించే జనానిది అలాంటి చూపే. ఎడ్ల బండలాగుడు పోటీల్లో బాటకు ఇరుపక్కలా నిలిచి, నిర్ణీత సమయంలో జత ఎంతదూరం లాగిందో లెక్కపెట్టే ప్రేక్షకుడు పందెం తర్కాన్ని బాగా ఎరుగును. ఇక్కడ కొరవడినవి పందేన్ని కథగా మలిచే పత్రిక, దాన్ని పోషించే వ్యాపారం.

ఆర్థిక భేదం మరింత లోతైనది. 1930లో దెగ్రాంజ్ తయారీదారుల జట్లను తొలగించి జాతీయజట్లను ప్రవేశపెట్టాడు. ఆ ఖర్చు భరించడానికి పందేనికి ముందు నడిచే ప్రకటనల వాహనశ్రేణి మొదలైంది. అది దారి పక్క జనానికి వస్తువులు పంచుతూ సాగుతుంది. అంటే అక్కడ ప్రేక్షకుడు పుచ్చుకొనేవాడు, ఇక్కడ ఇచ్చేవాడు. పందేన్ని నడిపింది పత్రిక కనుక కాలాలు, స్థానాలు, పేర్లు అచ్చులో నిలిచాయి. 1903 విజేతను మార్కాపురంలో కూర్చుని నేను పేరుతో చెప్పగలుగుతున్నాను. సైకిలు తొక్కుడును నడిపింది చదివింపుల మైకు. దాత పేరును పదేపదే పలకడమే దాని పని. ఊరి స్మృతి కూడా ఆ వరసలోనే నిలిచింది. నా ఊరి అనుభవం ఈ నిర్ణయానికి ఒక్క ఉదాహరణ మాత్రమే. ఇతర గ్రామాలలో పరిశీలించి దీన్ని సరిచూడవలసి ఉంది.

8. ముగింపు

1. రహదారి పందెపు ప్రేక్షకుణ్ణి పత్రిక తయారుచేసింది, టెలివిజన్ విస్తరించింది. దారి పక్క చూపు, తెర మీద చూపు పరస్పరం ప్రభావితమయ్యాయి.

2. పశ్చిమ ప్రకాశంలో దారులు, సైకిళ్ళు, నిరీక్షించే జనం ఉన్నా వృత్తి పందెం రూపొందలేదు. ఆ చోటును ఓర్పు ప్రధానమైన గిరి ప్రదర్శన ఆక్రమించింది.

3. ప్రదర్శనకు పెట్టుబడి పెట్టినవారు ఎవరన్నదాన్నిబట్టి ఎవరి పేరు మిగలాలో నిర్ణయమైంది.

4. తోలుబొమ్మలాట, వీధినాటకం వంటి కళారూపాలపై తెలుగులో విలువైన పరిశోధన వచ్చింది. సైకిలు తొక్కుడును సర్కస్‌కూ జానపదకళకూ మధ్య వదిలివేశాం. ఆ కళాకారులను చూసిన తరం ఇప్పుడు డెబ్బై దాటింది. వారి కుటుంబాలు, తిరిగిన ఊళ్ళు, మైకు వ్యాఖ్యానంలో వాడిన భాష, విన్యాసాల పేర్లు వెంటనే సేకరించవలసిన అంశాలు. కళాశాల విద్యార్థులు తమ ఊళ్ళలోనే ఈ పని ప్రారంభించవచ్చు. అడగవలసిన మొదటి ప్రశ్న: తొక్కినవాని పేరేమిటి?