కమాఠీపుర లెక్కలు: మన వివరాలు ఎవరి చేతిలో?



బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి. మన జిల్లాల్లో పుట్టిన వారికి ఈ మూడు మాటలను వివరించి చెప్పనక్కరలేదు. మూడింటిలోనూ మనవాళ్లను మొట్టమొదట పిలిచింది బొంబాయే. ఇప్పుడు దాని పేరు ముంబయి అయినా, మన ఇళ్లలో ఇంకా బొంబాయి అనే అంటున్నాం. ఆ ఊరి నడిబొడ్డున మనవాళ్ల పేరు మీద ఒక పేట ఉంది. అదే కమాఠీపుర. ఆ పేటను, అక్కడి తెలుగు చాళ్లను ఆధారం చేసుకుని ఈ వేళ ఒక ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. మన పేరు, మన కులం, మన ఇల్లు, మన వేలిముద్ర ఎవరో వచ్చి రాసుకుపోతారు. ఆ రాసిన లెక్క ఎవరిది? రాసిన వాడిదా, రాయించుకున్న మనదా?

ముందు ఆ పేరు సంగతి చెప్పుకుందాం. పద్ధెనిమిదో శతాబ్దం చివరి నాటికి బొంబాయి ఇంకా దీవుల ఊరే. సముద్రపు పోటు రాకుండా అడ్డుకట్ట వేసి, పల్లపు నేలను పూడ్చి, ఊరిని పెంచుతున్నారు. మట్టి మోయడానికి, రాయి కొట్టడానికి, గోడ కట్టడానికి నిజాము రాజ్యం నుంచి తెలుగు కూలీలు వెళ్లారు. అప్పటికి సరిహద్దు ఇప్పుడున్న చోట లేదు. నాందేడు, ఆదిలాబాదు అన్నీ ఒకే రాజ్యం. ఆ కూలీలను అక్కడివారు కమాఠీలు అన్నారు. కమాఠీ అంటే పనివాడు. హైదరాబాదు పాతబస్తీలో కూడా ఒక కామాటిపుర ఉందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

ఇక్కడొక విషయం గమనించాలి. కమాఠీ అనేది ఒక కులం పేరు కాదు. అందులో మున్నూరు కాపులున్నారు, పద్మశాలీలున్నారు, మాల మాదిగలున్నారు, ఇంకా ఎందరో ఉన్నారు. ఊళ్లో ఎవరికి వారికి ఒక పేరుంటే, బొంబాయి లెక్కలో అందరూ కలిసి కమాఠీలయ్యారు. అంటే మనవాళ్ల గురించి అక్కడ పడిన మొదటి పేరే పరాయివాళ్లు పెట్టిన పేరు.

బొంబాయిలో మొదటి జనగణన 1864లో జరిగింది. అప్పుడు తేలిన జనాభా 8,16,562. ఎనిమిదేళ్ల తరువాత 1872లో మళ్లీ లెక్కిస్తే 6,44,405 మంది మాత్రమే ఉన్నారు. మధ్యలో ఏం జరిగింది? అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయినంత కాలం బొంబాయి పత్తికి గిరాకీ వచ్చింది, పనులు పెరిగాయి. 1865లో యుద్ధం ముగిసింది, గిరాకీ కూలింది, పనులు పోయాయి. పొట్టచేత పట్టుకుని వచ్చిన వాళ్లు ఎక్కడివాళ్లక్కడికి పోయారు. అంకె తగ్గిందని కాగితం చెబుతుంది కాని, ఏ ఊరివాడు ఎన్ని అప్పులతో ఇంటిదారి పట్టాడో చెప్పదు.

పెద్ద గుత్తేదారుల పేర్లు మాత్రం నిలిచాయి. మహాత్మా జోతిరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు ఆయనకు అండగా నిలిచిన బొంబాయి తెలుగువారిలో వ్యంకు బాలోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు వంటి వారున్నారు. వాళ్ల కింద రాయి మోసిన కూలీల పేర్లు ఏ పుస్తకంలోనూ దొరకవు.

అదే కాలంలో మరొక రకం రిజిస్టరు పుట్టింది. 1868లో బ్రిటిషు ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం అని ఒకటి చేసింది. వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి, వైద్య పరీక్షకు రావాలి, రోగం ఉందంటే ఆసుపత్రిలో నిర్బంధంగా ఉండాలి. వాళ్ల ఆరోగ్యం కోసం కాదు, గోరా సిపాయిల ఆరోగ్యం కోసం. బొంబాయిలో చాలామంది స్త్రీలు పేరు రాయించుకోకుండా తప్పించుకున్నారు. చదువు లేకపోయినా, ఆ పుస్తకంలో పేరు పడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 1888లో ఆ చట్టం రద్దయింది. కాని ఆ పేటకు పడిన ముద్ర మాత్రం పోలేదు. మేస్త్రీల, కూలీల పేటను లోకం మరొక పేరుతో గుర్తు పెట్టుకుంది.

తరువాత మిల్లుల కాలం వచ్చింది. కమాఠీపుర నుంచి వర్లీ, లోయర్ పరేల్, నాయ్‌గావ్ దాకా తెలుగు కుటుంబాలు చాళ్లలో సర్దుకున్నాయి. దాదరులో ఆంధ్ర మహాసభ వెలిసింది. 1920ల్లో ప్రభుత్వం కట్టిన బి.డి.డి. చాళ్లు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్డీలలో కలిపి 207 భవనాలు. ఒక్కొక్క భవనంలో 80 గదులు, ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు. ఆ గదిలోనే వంట, పడక, పిల్లల చదువు, ఊరి నుంచి వచ్చిన బావమరిదికి చోటు.

మిల్లులో పనివాడి బతుకు అంతా మస్టరులో ఉండేది. పేరు మస్టరులో ఉంటేనే జీతం. బద్లీ కార్మికుడైతే రోజూ గేటు దగ్గర నిలబడాలి, ఎవరైనా రాకపోతే వాడి బదులు పని. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పాల్గొన్నారు. సమ్మె గెలవలేదు, మిల్లులు మూతపడ్డాయి. చాలా ఏళ్ల తరువాత మిల్లు భూముల్లో కొంత భాగం కార్మికుల ఇళ్లకు కేటాయించినప్పుడు, నువ్వు మిల్లు కార్మికుడివని రుజువేమిటి అన్న ప్రశ్న వచ్చింది. 1982 నాటికి మిల్లు పట్టికలో పేరున్నట్టు కాగితం చూపాలి. మస్టరు యజమాని దగ్గర. మిల్లు పడగొట్టేశారు. ముప్పై ఏళ్లు మగ్గం నడిపినవాడు తన బతుకుకు సాక్ష్యం కోసం పాత గేటు పాసు, ప్రావిడెంటు ఫండు చీటీ వెతుక్కోవలసి వచ్చింది. ట్రంకు పెట్టె అడుగున ఆ చీటీ దాచిన ఇల్లాలు ఉన్న ఇల్లు గట్టెక్కింది.

చాళ్లలోనూ అదే కథ. అద్దె చీటీ ఎవరి పేర ఉంటే గది వారిది. ఇప్పుడు కమాఠీపురలో పాత భవనాలు తీసి కొత్తవి కట్టే పథకం మ్హాడా సంస్థ చేపట్టింది. బి.డి.డి. చాళ్ల స్థానంలో 500 చదరపు అడుగుల ఇళ్లు కడుతున్నారు. వర్లీలో మొదటి విడత తాళాలు 2025 ఆగస్టులో ఇచ్చారు. దానికి ముందు అర్హుల జాబితా తయారు చేయడానికి వేలిముద్రలతో సర్వే జరిగింది. ముందు మాతో ఒప్పందం రాయండి, తరువాత వేలిముద్ర ఇస్తాం అని కొన్ని చాళ్లవారు అడ్డం తిరిగారు. అది మొండితనం అనుకోకండి. తమ చేతిలో ఉన్న ఒకే ఒక బలం ఆ వేలిముద్ర అని వాళ్లు గ్రహించారు.

ఇక మన గడ్డ మీదికి వద్దాం. 2014 ఆగస్టు 19. ఆ రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే. ఒక్క రోజులో కోటికి పైగా కుటుంబాల వివరాలు రాశారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుంది, పింఛను పోతుంది అన్న భయం పల్లె పల్లెకూ పాకింది. బొంబాయి, భివండి, సూరత్ నుంచి రైళ్లు, బస్సులు కిటకిటలాడుతూ వచ్చాయి. కూలి పోగొట్టుకుని, పిల్లల బడి మాన్పించి, ఒక్క రోజు గుమ్మంలో కూర్చోవడానికి వచ్చారు. వివరాలు చెప్పడం స్వచ్ఛందమే అని ప్రభుత్వం హైకోర్టులో చెప్పింది. కోర్టులో చెప్పిన ఆ మాట భివండి మగ్గాల దగ్గరికి చేరలేదు.

జనగణనకు 1948 నాటి చట్టం ఉంది. అందులో 15వ సెక్షను ప్రకారం మనం చెప్పిన వివరాలను బయటివారు చూడరాదు, కోర్టులో సాక్ష్యంగా వాడరాదు. ఈ కుటుంబ సర్వే ఆ చట్టం కింద జరిగింది కాదు. కులం, జబ్బులు, బ్యాంకు ఖాతా, బండి, భూమి అన్నీ అడిగారు. నమ్మకంతో చెప్పాం.

ఆ తరువాత ప్రభుత్వం సమగ్ర వేదిక అనే కంప్యూటరు వ్యవస్థను వాడుకలోకి తెచ్చింది. వేర్వేరు శాఖల దగ్గర ఉన్న వివరాలను పేరు, చిరునామా పోల్చి ఒకచోట కలపడం దాని పని. దాని సాఫ్ట్‌వేరు పోసిడెక్స్ అనే హైదరాబాదు కంపెనీది. ఈ పోలిక ఆధారంగా కొందరికి కారు ఉందని, కొందరికి ఆస్తి ఉందని తేల్చి రేషన్ కార్డులు తీసేశారు. రిక్షా తొక్కే మనిషి ఇంటికి కారున్నట్టు నమోదైన సందర్భం కూడా బయటపడింది. అలాంటి పేరే ఉన్న మరొకరి బండి ఆయన ఖాతాలో పడింది.

ఈ పొరపాటు మనకెంత దగ్గరిదో ఆలోచించండి. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం. మహారాష్ట్రలో మనిషి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. మన ఇంటిపేర్ల చివర వార్ అని చేర్చడమూ అక్కడి అలవాటే. దాంతో ఒకే మనిషికి ఊరి ఓటరు జాబితాలో ఒక పేరు, బొంబాయి అద్దె చీటీలో మరొక పేరు ఉంటుంది. మనం చూస్తే ఒక్కడే. యంత్రం చూస్తే ఇద్దరు. లేదా ఇద్దరు వేర్వేరు మనుషులను అది ఒక్కడిగా కలిపేస్తుంది. ఊళ్లో పట్వారీ తప్పు రాస్తే పోయి అడిగేవాళ్లం. యంత్రాన్ని ఎవరు అడుగుతారు?

అడిగినవారు ఉన్నారు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ విచారించమని ఆదేశించింది. మళ్లీ చూస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. ఆ వ్యవస్థ లెక్క ఎలా కడుతుందో చెప్పండని సమాచార హక్కు చట్టం కింద అడిగితే మాత్రం, అది చెబితే కంపెనీ హక్కులకు భంగం అని జవాబు వచ్చింది. వివరాలు మనవి, వాటిని పోల్చే సూత్రం కంపెనీది, పోయింది మన ఇంటి బియ్యం.

ఇలాంటి తగువులు లోకమంతా ఉన్నాయి. అమెరికాలో ఉద్యోగస్తులు తమ అనుభవం, చదువు రాసిపెట్టుకునే లింక్డిన్ అనే కంపెనీ ఉంది. అందరికీ కనబడేలా ఉన్న ఆ వివరాలను హైక్యూ అనే మరొక చిన్న కంపెనీ యంత్రంతో తోడుకుని వ్యాపారం చేసింది. 2017లో కోర్టుకెక్కారు. అందరికీ తెరిచి ఉంచిన సమాచారాన్ని తీసుకోవడం దొంగతనంగా చొరబడటం కాకపోవచ్చునని పైకోర్టు 2019లోనూ, మళ్లీ 2022లోనూ అంది. చివరికి అదే 2022లో, నిబంధనల ఒప్పందం మీరిందన్న కారణంగా హైక్యూ ఓడిపోయి రాజీకి వచ్చింది. అయిదేళ్లు ఇద్దరూ కొట్లాడారు. ఆ వివరాలు రాసుకున్న కోట్ల మంది ఉద్యోగస్తులు మాత్రం ఆ వ్యాజ్యంలో ఏ పక్షమూ కారు.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. 2018లో ఆధార్ చట్టాన్ని నిలబెడుతూనే, ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగేందుకు వీలిచ్చిన భాగాన్ని కొట్టివేసింది. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది. మన వివరాలు ఏమున్నాయో అడిగే హక్కు, తప్పుంటే దిద్దమనే హక్కు అందులో రాశారు. ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపులు ఎక్కువని, సమాచార హక్కు చట్టం దీనివల్ల బలహీనపడుతుందని విమర్శలూ ఉన్నాయి.

మళ్లీ కమాఠీపుర దగ్గరికే వెళ్దాం. 2022లో ఆ పేట నేపథ్యంగా ఒక పెద్ద హిందీ సినిమా వచ్చింది. మా పేట పేరు తీసేయండి, మా ఆడపిల్లలకు సంబంధాలు రావు, మా చిరునామా చెబితే నవ్వుతారు అని స్థానికులు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఒప్పుకోలేదు. సినిమా తీసేవాడి స్వేచ్ఛ ముఖ్యమే, కాదనను. కాని ఇంటర్నెట్‌లో కమాఠీపుర అని వెతికి చూడండి. ముందు వచ్చేది ఆ పాత ముద్రే. ఆ పేరు మట్టి మోసిన తెలుగు కూలీల పేరని తెలుసుకోవాలంటే చాలా కిందికి పోవాలి. 1868 నాటి పోలీసు పుస్తకం చేసిన పని ఇవాళ యంత్రం చేస్తోంది.

లెక్క రాయడం తప్పు కాదు. లెక్కలో లేనివాడికి ఇల్లూ రాదు, బియ్యమూ రావని మిల్లు కార్మికులు మనకు నేర్పారు. కాని లెక్కలో ఉన్నంత మాత్రాన న్యాయం దొరకదని సమగ్ర వేదిక నేర్పింది. రాసిన దాని నకలు మన చేతికి రావాలి, తప్పుంటే దిద్దేవాడు పలానా అని తెలియాలి, ఎందుకు తీసేశారో చెప్పి తీరాలి. 2027 జనగణనకు నోటిఫికేషన్ వచ్చింది. ఈసారి మొబైల్ ఫోనులో రాసుకుంటారు. మీ గుమ్మంలోకి వచ్చినవారికి వివరాలు చెప్పండి, నిజం చెప్పండి. వేరే ఎవరైనా వచ్చి అడిగితే మాత్రం ఏ చట్టం కింద, ఎందుకోసం, ఎవరి దగ్గర ఉంటుంది అని అడగండి. ఇంట్లో పాత పాసులు, అద్దె చీటీలు ఉంటే పారేయకండి.

రెండు వందల ఏళ్ల కిందట వెళ్లిన మన కూలీలకు ఆ ప్రశ్న అడిగే అవకాశం లేకపోయింది. ఈనాడు ఆ అవకాశం మనకుంది.