గ్రీకు విషాద నాటకం: స్త్రీ, అధికారం, వీరత్వం

క్రీ. పూ. 5వ శతాబ్దపు ఏథెన్సు నగరం ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లని మన పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఆ పుట్టింట్లో ఆడబిడ్డ స్థానమేమిటో మాత్రం అవి అంతగా పట్టించుకోవు. పౌరసభలో ఆమెకు మాట లేదు, ఓటు లేదు. న్యాయస్థానంలో తన తరఫున తాను వాదించుకొనే హక్కు లేదు. తండ్రో, భర్తో, కొడుకో, ఎవరో ఒక మగవాడు సంరక్షకుడుగా ఉండితీరాలి. ఒక కొలత బార్లీ విలువను మించిన బేరం ఆమె స్వయంగా చేయరాదు. మగసంతానం లేని తండ్రి చనిపోతే ఆస్తితోపాటు కూతురు కూడా తండ్రి తరఫు దగ్గరి బంధువుకు చెందవలసిందే. యుద్ధంలో మరణించిన వారికి నివాళిగా పెరిక్లీస్ చేసిన ప్రసంగాన్ని చరిత్రకారుడు థ్యుసిడిడీస్ మనకు అందించాడు. భర్తలను పోగొట్టుకున్న స్త్రీలకు అందులో దొరికిన ఓదార్పు ఏమిటి? మంచికి గాని చెడుకు గాని మగవాళ్ల నోళ్లలో పడకుండా ఉండడమే ఆడదానికి కీర్తి అన్న హితబోధ!

అదే నగరంలో, ఏటా వసంతంలో జరిగే డయొనిసస్ ఉత్సవంలో, వేలాది ప్రజల ఎదుట, స్త్రీలు రాజులను చంపుతారు, శాసనాలను ధిక్కరిస్తారు, పురుషులను మాటలతో నిలవేస్తారు. ఆ నాటకాలు రాసినవారు పురుషులు. ముఖాలకు తొడుగులు వేసుకొని ఆ స్త్రీ పాత్రలను ధరించినవారూ పురుషులే. ఈ వైరుధ్యానికి మూలమేమిటి?

మహాకవుల విశాలహృదయమే కారణమని కొందరంటారు. ఆ సమాధానం నిలవదు. స్త్రీలకు అందరికంటె ఎక్కువ వాక్కునిచ్చిన యూరిపిడీస్ మీద, స్త్రీలను నిందించినందుకు పగబట్టి, ఆ స్త్రీలే కుట్రపన్నినట్లుగా క్రీ. పూ. 411లో ఆరిస్టొఫనీస్ ప్రహసనం రాశాడు. ఒకే కవి ఒకరికి స్త్రీ పక్షపాతిగా, మరొకరికి స్త్రీద్వేషిగా కనిపించాడంటే, కవి హృదయాన్ని తూచడంవల్ల తేలేదేమీ లేదన్నమాట.

రెండవ సమాధానం మన శిబిరంలోనిది. ఈస్కిలస్ రాసిన 'ఒరెస్తీయ' నాటకత్రయంలో మాతృస్వామ్యంపై పితృస్వామ్యం సాధించిన విజయం ఉన్నదని 1861లో బాహొఫెన్ సిద్ధాంతీకరించాడు. ఏంగెల్స్ 'కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యాంగ యంత్రాల పుట్టుక'కు 1891లో రాసిన పీఠికలో ఆ వ్యాఖ్యను మెచ్చుకొన్నాడు. ఏంగెల్స్ మాట కాదనడానికి మనలో చాలామందికి నోరు రాదు. కాని స్త్రీలు రాజ్యమేలిన యుగం ఒకటి గ్రీసులో గడిచిందనడానికి ఆధారాలు దొరకలేదు. పైగా, ఒక రచనను అది పుట్టిన కాలపు సామాజిక సంబంధాలలో చూడమని మనకు నేర్పినవారిలో ఏంగెల్స్ ముఖ్యుడు. కనుక ఆయన నేర్పిన పద్ధతినే అనుసరించి, నాటకాన్ని పూర్వయుగపు జ్ఞాపకంగా కాక, ఆనాటి ఏథెన్సు తనతో తాను పడిన ఘర్షణగా చూద్దామంటాను.

'ఒరెస్తీయ' ప్రదర్శితమైంది క్రీ. పూ. 458లో. అంతకు మూడు నాలుగేళ్ల ముందే ఎఫియాల్టిస్ నాయకత్వాన ప్రజాపక్షం అరియోపగస్ అనే ప్రభువర్గ సభ అధికారాలను ఊడబెరికి, ప్రధానంగా హత్యానేరాల విచారణను దానికి మిగిల్చింది. నాటకం చివర ఒరెస్టిస్‌ను విచారించేది ఆ సభే. ట్రాయ్ యుద్ధానికి ఓడలు కదలడానికి అగమెమ్నాన్ కన్నకూతురు ఇఫిజినియాను బలి ఇచ్చాడు. భర్త లేని కాలంలో ఆర్గోస్‌ను ఏలిన క్లైటెమ్నెస్ట్రా, అతడు తిరిగిరాగానే హతమార్చింది. కొడుకు ఒరెస్టిస్ ఆమెను చంపాడు. తల్లి నిజమైన జనకురాలు కాదనీ, తండ్రి బీజాన్ని పెంచే దాది మాత్రమేననీ అపోలో వాదిస్తాడు. తల్లి లేకుండా పుట్టిన ఎథీనా దేవత అతని పక్షాన ఓటు వేస్తుంది. ఓట్లు సమానమై ఒరెస్టిస్ విడుదలౌతాడు.

రక్తానికి రక్తం అనే కులకక్షలను తొలగించి పౌరన్యాయం నెలకొనడం అభ్యుదయమే. మార్క్సిస్టు పండితుడు జార్జ్ థామ్సన్ 1941లోనే ఈ సంగతిని వివరించాడు. కాని ఆ న్యాయసౌధం పునాదిలో పూడ్చిపెట్టిన బలి ఎవరిదో కూడా మనం చెప్పాలి. కూతురి రక్తానికి విచారణ జరగలేదు. తల్లి రక్తం లెక్కకు రాలేదు.

'మెడియా' విషయం ఇంకా స్పష్టం. తల్లీదండ్రీ ఇద్దరూ ఏథెన్సు వారైతేనే బిడ్డకు పౌరసత్వమని క్రీ. పూ. 451లో పెరిక్లీస్ శాసనం చేయించాడు. ఇరవై ఏళ్లకు, క్రీ. పూ. 431లో, పరదేశపు భార్యను విడిచి రాజకుమార్తెను పెళ్లాడే జేసన్ కథను యూరిపిడీస్ రంగస్థలం ఎక్కించాడు. కథ కొరింతులో జరిగినా, దెబ్బ తగిలింది చూస్తున్నవారికి. కట్నమిచ్చి యజమానిని కొనుక్కోవడమే స్త్రీకి వివాహమనీ, ఒక్క కాన్పుకంటె మూడుసార్లు యుద్ధంలో నిలవడం మేలనీ మెడియా అంటుంది. వీరత్వానికి కొలబద్ద యుద్ధమే అయిన నగరంలో ఇది సామాన్యమైన మాట కాదు. శత్రువులు నవ్వితే సహించలేనన్న వీరపురుషుల పౌరుషమే ఆమె నోట పలుకుతుంది, ఆ పౌరుషమే ఆమె చేత కన్నబిడ్డలను చంపిస్తుంది. దీన్ని స్త్రీ స్వభావంగా చదవడం పొరపాటు. కూతుర్ని చంపి అగమెమ్నాన్ పదేళ్లు సేనాధిపతిగా వెలిగాడు. వీరధర్మంలోని క్రౌర్యం ఆడదాని చేతికి వచ్చినప్పుడే లోకానికి కనిపించిందన్నది నా అభిప్రాయం. పోటీలో ముగ్గురు కవులలో యూరిపిడీస్‌కు దక్కింది మూడవ స్థానం.

ఇక ఆంటిగొని. రాజశాసనాన్ని ధిక్కరించి అన్న శవానికి మట్టి వేసిన ఈ కన్య మన వేదికలకు ప్రియమైన మూర్తి. 1973లో వచ్చిన అథోల్ ఫ్యూగార్డ్ నాటకం 'ది ఐలండ్'లో దక్షిణాఫ్రికా ఖైదీలు ఆమె కథనే ఆడతారు. ఆ గౌరవం ఆమెకు తగినదే. అయినా సోఫొక్లీస్ నాటకంలో క్రియోన్‌కు జవాబిస్తూ, చనిపోయినవాడు బానిస కాదు, తోడబుట్టినవాడని ఆమె చెప్పుకుంటుంది. బానిస శవమైతే? ఆ ప్రశ్న ఆమెకు తోచదు. ఆమె సాహసం నిజం, ఆ సాహసానికి రాజవంశం గీసిన గిరి కూడా నిజం. ఒకదాన్ని చూపి మరొకదాన్ని దాచే విమర్శ విద్యార్థులకు మేలు చేయదు.

ఆ గిరి యూరిపిడీస్ 'ట్రోజన్ స్త్రీలు'లో తెగిపోయింది. క్రీ. పూ. 416-15లో ఏథెన్సు మీలాస్ ద్వీపాన్ని లొంగదీసి, పురుషులను చంపి, స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మింది. క్రీ. పూ. 415 వసంతంలో ఈ నాటకం వచ్చింది. రాణి హెక్యుబా ఇందులో చీట్లు వేసి పంచుకొనే సొత్తు. మనుమడి శవాన్ని తండ్రి డాలులో పెట్టి పూడ్చడం తప్ప ఆమెకు వీరకార్యమేదీ మిగలలేదు. సామంత నగరాలు కట్టిన కప్పపు వెండిని ప్రజలకు ప్రదర్శించిన రంగశాల కూడా ఇదేనని గుర్తుంచుకుంటే, ఈ నాటకం ఎవరి ఎదుట అద్దం పట్టిందో బోధపడుతుంది.

కాబట్టి, ఈ నాటకాలలో స్త్రీ చేతికి వచ్చిన అధికారం కవులిచ్చిన కానుక కాదు, గతించిన స్వర్ణయుగపు నీడా కాదు. ఆ ప్రజాస్వామ్యం ఇంట్లో స్త్రీకీ, గనుల్లో బానిసకూ, సముద్రం ఆవల పరాజితులకూ పడిన బాకీ అది. తీర్చే ఉద్దేశం లేకపోయినా, ఏడాదికొకసారి ఆ బాకీ పద్దును బహిరంగంగా చదివించుకోక తప్పలేదు. ఈ నాటకాల గొప్పతనమూ పరిమితీ రెండూ అక్కడే ఉన్నాయి.

పాఠం చెప్పేటప్పుడు నేను మెడియా ఆవేశంకంటె ముందు ఆమె దాది మాట చదివిస్తాను. నాటకం మొదలయ్యేది ఆ బానిస ముసలిదాని గొంతుతోనే. ప్రభువుల కోపాలు భయంకరమనీ, సమానంగా బ్రతకడానికి అలవాటుపడడమే మేలనీ ఆమె అంటుంది. సమానత్వాన్ని గురించి అంత సూటిగా పలికిన ఆ మనిషికి కవి పేరు కూడా పెట్టలేదు.