పని ఒత్తిడి – పిల్లి నుండి బంట్రోతు వరకు

పాఠశాలకు వేళ మించిపోవుచున్నది. దిద్దవలసిన జవాబు పత్రములు బల్లపై గుట్టగా పడియున్నవి. ఇంటిలో బిడ్డకు జ్వరము. ఇంతలో ప్రధానోపాధ్యాయుని గదినుండి పిలుపు వచ్చినది. అట్టి సమయమున గుండె దడదడ కొట్టుకొనుట, నోరు ఎండిపోవుట, ఆకలి చచ్చిపోవుట అందరికిని అనుభవములోనివే. పులి ఎదురైనప్పుడు కలుగవలసిన మార్పులు ఒక పిలుపునకే ఏల కలుగుచున్నవి? వీనిని తగ్గించుకొను ఉపాయమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము ఒక్క దినమున దొరకలేదు. నూరేండ్లకు పైబడి సాగిన ఆ అన్వేషణలో పిల్లులు, కోతులు, ఎలుకలు, చివరకు లండను నగరపు బంట్రోతులు కూడ సాక్ష్యము చెప్పవలసి వచ్చినది.

బెదరిన పిల్లి

ఎక్స్-కిరణములు 1895 లో బయటపడినవి. మరుసటి సంవత్సరమే అమెరికాలోని హార్వర్డు వైద్య విద్యార్థి వాల్టర్ కానన్ వాని సహాయమున జంతువుల జీర్ణక్రియను పరిశీలింప నారంభించెను. ఆహారము తిన్న పిల్లి జీర్ణాశయము అలలు అలలుగా కదలుచుండెను. పిల్లికి భయము గాని కోపము గాని కలిగినంతనే ఆ కదలిక ఆగిపోయెడిది. తరువాత 1911 లో, కుక్క మొరుగుటవలన బెదరిన పిల్లి రక్తమున అడ్రినల్ గ్రంథుల స్రావము చేరుచున్నదని కానన్ చూపెను.

ఈ పరిశోధనల సారమును ఆయన 1915 లో గ్రంథరూపమున ప్రకటించెను. ప్రమాదము ఎదురైనపుడు ప్రాణి పోరాడవలెను, లేదా పారిపోవలెను. రెండింటికిని కండరములకు బలము కావలెను. అందుచే గుండె వేగము హెచ్చును. రక్తమున చక్కెర పెరుగును. జీర్ణక్రియ వాయిదా పడును. ప్రమాదము గడచిన పిదప శరీరము యథాస్థితికి వచ్చును. ఇది రోగము కాదు, ప్రాణరక్షణకు ఏర్పడిన చక్కని ఏర్పాటు. అయితే ప్రమాదము గడవనిచో ఏమగును?

ప్రయోగము తప్పి దొరికిన సత్యము

ఈ ప్రశ్నకు సమాధానము కెనడాలోని మాంట్రియల్ నగరమున దొరికినది. వియన్నాలో 1907 లో జన్మించిన హాన్స్ సెల్యె అచటి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున క్రొత్త హార్మోను దొరకునేమో యని అండాశయముల సారమును ఎలుకల శరీరములోనికి ఎక్కించుచుండెను. ఆ ఎలుకలలో అడ్రినల్ గ్రంథులు పెరిగినవి. థైమస్ గ్రంథి కుంచించుకొనిపోయినది. జీర్ణాశయమున పుండ్లు పడినవి. హార్మోను దొరికినదని సెల్యె సంతోషించెను. కాని పరీక్షార్థము ఫార్మలిన్ ఎక్కించినను అవే మార్పులు కనబడెను. చలిలో ఉంచినను, విరామములేక శ్రమపెట్టినను ఫలితమొక్కటే!

హార్మోను ఆశ అడుగంటినది గాని అంతకంటె గొప్ప విషయము చేత చిక్కినది. బాధ ఏదైనను శరీరపు ప్రతిక్రియ ఒకే తీరున నుండునని సెల్యె గ్రహించి, 1936 లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ ప్రకటించెను. మొదట శరీరము ఉలికిపడును, తరువాత తట్టుకొని నిలుచును, బాధ తొలగనిచో చివరకు అలసి కూలును. భౌతికశాస్త్ర విద్యార్థులు ప్రతిబలమని చదువుకొను రాశికి ఆంగ్లమున గల 'స్ట్రెస్' అను పేరునే సెల్యె తరువాత ఈ స్థితికి వాడెను. తెలుగున దానినే ఒత్తిడి యనుచున్నారు.

కోతులు చెప్పిన అబద్ధము

పని ఎక్కువైన కొలది హాని ఎక్కువగునని అందరును తలచిరి. 1958 లో అమెరికా సైనిక పరిశోధన సంస్థలోని జోసెఫ్ బ్రేడీ ప్రయోగము దీనిని బలపరచినట్లు కనబడెను. రెండేసి కోతులను ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టిరి. మొదటి కోతి సకాలమున మీట నొక్కినచో రెండింటికిని షాకు తప్పును; నొక్కనిచో రెండింటికిని తగులును. మీట గల కోతులకు పుండ్లు పడి అవి మరణించెను. మీట లేనివి క్షేమముగా నుండెను. బాధ్యత వహించు అధికారికే ముప్పు అధికమని పత్రికలు వ్రాసినవి.

కాని ఆ ప్రయోగమున లోపమొకటి యుండెను. ముందు పరీక్షలో మీటను ఎక్కువ చురుకుగా నొక్కిన కోతులనే అధికార స్థానమునకు ఎంచిరి. అనగా పోలిక సరిసమానముల మధ్య జరుగలేదు. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జే వైస్ 1968 నుండి ఎలుకలతో మరల ప్రయోగములు చేసెను. ఏ ఎలుక ఏ స్థానమున నుండవలెనో ఎంపికతో నిమిత్తము లేకుండ నిర్ణయించిరి. మొదటి ఎలుక చక్రము త్రిప్పినచో షాకు ఆగును. రెండవదానికి అంతే షాకు తగులును గాని దాని చేత ఏమియు లేదు. ఫలితము తలక్రిందులైనది. చక్రము లేని ఎలుకకే పుండ్లు హెచ్చుగా పడెను. షాకునకు ముందు హెచ్చరిక ధ్వని విన్న ఎలుకలకు, విననివానికంటె తక్కువ పుండ్లు పడెను. చేసిన పని ఫలించినదని వెంటనే తెలియజేయు సంకేతమున్నచో హాని మరింత తగ్గెను.

ఇచట ఒక మాట చెప్పవలెను. మనుష్యుల జీర్ణాశయపు పుండ్లకు హెలికోబాక్టర్ పైలోరి అను సూక్ష్మజీవి ముఖ్య కారణమని 1982 లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొనిరి. దానికి 2005 లో నోబెల్ బహుమతి లభించినది. కావున ఎలుకల పుండ్లను మనుష్యులకు ఉన్నదున్నట్లు అన్వయింపరాదు. మనుష్యుల సంగతి మనుష్యులనే చూచి తెలిసికొనవలెను.

లండను కార్యాలయములలో

బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయములలోని సుమారు 18,000 మంది పురుష ఉద్యోగుల ఆరోగ్యమును 1967 నుండి పరిశీలించిరి. మైకేల్ మార్మాట్, ఆయన సహచరులు 1978 లో ప్రకటించిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను. గుండెజబ్బుతో మరణించినవారి నిష్పత్తి పై అధికారులలో కంటె బంట్రోతుల వంటి అడుగు తరగతి ఉద్యోగులలో మూడున్నర రెట్లు అధికముగా నుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మొదలగునవి ఈ తేడాలో కొంత భాగమునకే కారణములు. స్త్రీలను కూడ చేర్చి 1985 లో ఆరంభించిన రెండవ పరిశీలన, తమ పనిపై తమకు అదుపు తక్కువగా నున్నవారికి గుండెజబ్బు ముప్పు అధికమని తెలిపినది.

చక్రము, గంట, ఫలితము

ఈ చరిత్ర నుండి ఆచరణకు వచ్చు పాఠములు మూడు. మొదటిది చక్రము. పనిని తప్పించుకొనలేకపోయినను దాని వరుసను నిర్ణయించుకొనవచ్చును. రేపటి పనులను నేటి రాత్రియే కాగితముపై వ్రాసి, ముందేదో వెనుకేదో ఏర్పరచుకొనుట మేలు. రెండవది గంట. పరీక్ష తేదీని ముందుగా చెప్పు ఉపాధ్యాయుడు విద్యార్థికి హెచ్చరిక గంట మ్రోగించినవాడే. ఏ దినమున ఏ పరీక్ష వచ్చిపడునో తెలియని బాలుడు ప్రతిదినము భయపడును. మూడవది ఫలితము. నూరు జవాబు పత్రముల గుట్టను పదేసి కట్టలుగా చేసికొన్నచో ప్రతి కట్ట ముగింపును ఒక ఫలితమే. దిద్దిన పత్రములను త్వరగా తిరిగియిచ్చుట విద్యార్థికిని ఊరట.

అదుపునకు లొంగని కష్టములును కలవు. వానికై చికాగో శరీర శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929 లో ఒక పద్ధతిని వివరించెను. పిడికిలిని బిగించి, ఆ బిగువును గమనించి, మెల్లగా వదలవలెను. అట్లే చేతులు, కాళ్లు, భుజములు, ముఖము ఒక్కొక్కటిగా సడలింపవలెను. ఖర్చులేని ఈ అభ్యాసమునకు కొద్ది నిమిషములు, ఒక చాప చాలును. నిద్రలేమి, దిగులు వారములకొలది విడువనిచో వైద్యుని చూచుట అవసరము.

అయితే బంట్రోతు తన పిడికిలిని ఎంత సడలించినను, అతని పని వేళలను నిర్ణయించువారు వేరు. ఒత్తిడిని తగ్గించుట అనుభవించువాని ఒక్కని బాధ్యతయే కాదు. తరగతిలో ఉపాధ్యాయుడు, పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, ఇంటిలో పెద్దలు తమ క్రిందివారికి ఒక్కొక్క చిన్న చక్రమునైనను అందింపగలరు. ఏ లెక్క ముందు చేయవలెనో విద్యార్థినే ఎంచుకొననిచ్చుట అట్టి చక్రమే.