వయోధికులు, విశ్వవిద్యాలయాలు: బెంగళూరు–కోలారు ప్రాంతం

విశ్వవిద్యాలయాలు, వైద్య కళాశాలలు, పరిశోధన సంస్థలు తమ ఆవరణ దాటి పెద్దవయసువారి కోసం, వారితో కలిసి చేసిన పనుల చరిత్ర ఈ వ్యాస విషయం. దక్షిణ భారతంలో ఈ పని బాగా కనబడేది బెంగళూరు నగరంలోనూ, దానికి తూర్పున తెలుగు, కన్నడం కలగలిసి వినిపించే కోలారు సీమలోనూ. ఇక్కడి పెద్దల పరిస్థితికి నగరానికి ఆగ్నేయంగా ఉన్న హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ ఒక ఉదాహరణ; ఆ పేరు హోసూరు, సర్జాపుర రోడ్ల నుంచి వచ్చింది. అగర వంటి పాత ఊళ్ళ పొలాల మీద బెంగళూరు అభివృద్ధి ప్రాధికార సంస్థ వేసిన లేఅవుట్ ఇది. ఊరు నగరంలో కలిసిపోయినా పాత ఇల్లు వదలని వృద్ధులు ఇక్కడ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లల దగ్గర ఉండడానికి ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన తల్లిదండ్రులూ ఉన్నారు. దీని పక్కనున్న కోరమంగళలోనే సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఉంది. మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ నిమ్హాన్స్ కూడా ఎంతో దూరం కాదు.

పూర్వ శతాబ్దాల్లో వృద్ధుల పోషణ భారం ఉమ్మడి కుటుంబం మీద, కొంతవరకు సత్రాల మీద, మఠాల మీద ఉండేది.

పాశ్చాత్య దేశాల్లో విశ్వవిద్యాలయం తలుపులు వృద్ధులకు తెరిచిన తొలి ప్రయత్నంగా 1973లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో పియెర్ వెల్లాస్ ఆరంభించిన ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ను చెబుతారు. డబ్లిన్ సిటీ విశ్వవిద్యాలయం 2012లో పది సూత్రాలతో ‘వయోమిత్ర విశ్వవిద్యాలయం’ అనే భావనను ముందుకు తెచ్చింది. ఈ రెండుచోట్లా పెద్దలే తరగతి గదికి వచ్చారు. మన దగ్గర మాత్రం విద్యార్థులు, పరిశోధకులు పెద్దల గడప దగ్గరికి వెళ్ళారు.

భారతదేశంలో 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం విద్యార్థులు ఇలా ఆవరణ దాటి వెళ్ళడానికి తొలి దారి వేసింది. నాలుగేళ్ళ తర్వాత, 1973లో, అప్పటి కోలారు జిల్లా శిడ్లఘట్ట తాలూకా మళ్ళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల అక్కడి పాల సహకార సంఘంతో చేయి కలిపి ఆరోగ్య సహకార సంఘం ఏర్పాటు చేసింది. రైతులు పోసిన పాలకు వచ్చే డబ్బులోంచే కొంత వాటా ఊరి వైద్యానికి వెళ్ళేది. ఇది ప్రత్యేకించి వృద్ధుల కోసం పెట్టింది కాదు. అయినా వైద్య విద్యార్థికి పల్లెను పాఠశాలగా చేసిన ఈ ఏర్పాటు ప్రశంసనీయమైనది. ఖర్చులో ఊరికి వాటా ఉండడం వల్ల నిర్ణయాల్లోనూ వాటా ఉండేది.

వార్ధక్యాన్ని శాస్త్రంగా చదవడంలో తెలుగునాట తిరుపతి ముందు నిలిచింది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మనోవిజ్ఞాన శాఖలో పి.వి.రామమూర్తి, డి.జమున పరిశోధనల చుట్టూ వార్ధక్య పరిశోధన కేంద్రం ఎదిగింది. వృద్ధుల మనస్తత్వంతో పాటు వారిని చూసుకునే ఇంటివారి శ్రమను కూడా వీరు పరిశోధనాంశంగా తీసుకున్నారు. బెంగళూరు విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన ఆచార్యులు ఇందిరా జైప్రకాశ్ కృషి కూడా ఈ కోవలోదే. భారత ప్రభుత్వ జాతీయ వయోధికుల విధానం 1999లో వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1998లో, బెంగళూరులో వృద్ధుల కోసం పనిచేసే నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు మొదలైంది. నగర పోలీసులతో కలిసి 2002లో అది ప్రారంభించిన 1090 సహాయవాణి ఇంట్లో వేధింపులకు గురయ్యే వృద్ధులకు ఆసరాగా నిలిచింది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లో వచ్చింది.

తరువాతి దశకు కేంద్రం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ. ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు క్రిస్ గోపాలకృష్ణన్, సుధా గోపాలకృష్ణన్‌ల ప్రతీక్ష ట్రస్టు ఇచ్చిన భూరి విరాళంతో అక్కడ మెదడు పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన నాడీశాస్త్రవేత్త విజయలక్ష్మీ రవీంద్రనాథ్ దీనికి వ్యవస్థాపక సంచాలకులు. ప్రధానమంత్రి 2022 జూన్ 20న దీని కొత్త భవనాన్ని ప్రారంభించారు.

వయసుతో మెదడులో వచ్చే మార్పులపై, జ్ఞాపకశక్తి క్షీణించే డిమెన్షియాపై ఈ కేంద్రం రెండు దీర్ఘకాల అధ్యయనాలు చేపట్టింది. ఒకటి బెంగళూరు నగరవాసులతో, టాటా ట్రస్టుల సహాయంతో సాగేది. రెండోది 2018 జనవరిలో కోలారు జిల్లా శ్రీనివాసపురలో మొదలైన ‘శాన్స్‌కాగ్’. మామిడి తోటలకు పేరుపడిన ఈ తాలూకా పల్లెల్లో 45 ఏళ్ళు దాటిన 10,000 మందిని చేర్చుకుని, ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ పరీక్షించాలన్నది లక్ష్యం. డిమెన్షియా గురించి లోకానికి తెలిసినదానిలో చాలావరకు సంపన్న దేశాల చదువుకున్న జనం మీద చేసిన అధ్యయనాల నుంచి వచ్చింది. బడి ముఖం చూడని రైతు జ్ఞాపకశక్తిని కాగితం, పెన్సిలు పరీక్షతో తూచడం న్యాయం కాదు. అందుకే చదువు రానివారికీ సరిపోయేలా కంప్యూటరు పరీక్షలను స్థానిక భాషల్లోకి మలిచారు. వాటితో పాటు రక్తపరీక్షలు, జన్యు పరీక్షలు, ఎంఆర్ఐ స్కానింగ్ కూడా ఉంటాయి.

ఈ పరీక్షల్లో ఒకచోట తరాలు ఎదురుపడతాయి. డిమెన్షియా తీవ్రతను అంచనా వేసే సీడీఆర్ కొలమానానికి పెద్దాయన జవాబులు ఒక్కటే చాలవు. ఆయన్ను రోజూ చూసే మనిషి కూడా మాట్లాడాలి. కాబట్టి కొడుకో, కోడలో, మనవరాలో వేరుగా కూర్చుని జవాబు చెబుతారు. డబ్బు లెక్క తప్పుతున్నారా, తెలిసిన దారిలో తికమకపడుతున్నారా, చెప్పిందే మళ్ళీ చెబుతున్నారా అని అడుగుతారు. వయసు మీద పడితే ఇంతేలే అని ఇంట్లో సరిపెట్టుకున్న మార్పు అప్పుడు రోగలక్షణంగా వైద్యుడి దృష్టికి వస్తుంది. ఇంటివారి మాట లేకుండా ఈ శాస్త్రం ముందుకు సాగదు.

భారతీయ విజ్ఞాన సంస్థ 2024లో ‘లాంజెవిటీ ఇండియా’ పేరుతో ఆరోగ్యకరమైన వార్ధక్యంపై మరో కార్యక్రమం ప్రకటించింది. అంతకు ముందే విద్యాసంస్థలకు బయట కూడా యువతను పెద్దలతో కలిపే ప్రయత్నాలు జరిగాయి. వాటిలో 2022లో ముంబైలో శంతను నాయుడు ప్రారంభించి, ఆపై బెంగళూరుకూ విస్తరించిన ‘గుడ్‌ఫెలోస్’ పేరెన్నికగన్నది. ఇందులో పట్టభద్రులైన యువతీయువకులు ఒంటరి వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి మాటకు, నడకకు, ఫోన్ వాడకానికి తోడుంటారు. చందా కట్టి పొందే సేవ ఇది. శ్రీనివాసపుర పల్లెల్లో మాత్రం పరిశోధకుల పరీక్షలకు కూర్చునే వృద్ధులు తమ సమయాన్ని, రక్తాన్ని, ఇంటి విషయాలను ఇచ్చి అధ్యయనంలో భాగస్వాములు అవుతున్నారు.