కొల్లాజెన్ పోగు, ఎక్స్-రే, మద్రాసు: జి.ఎన్. రామచంద్రన్ కథ

జీఎస్-3 సిలబస్‌లో 'శాస్త్ర సాంకేతిక రంగాల్లో భారతీయుల విజయాలు' అని ఒక ముక్క ఉంటుంది కదా. దాని కింద మనందరి నోట్సూ దాదాపు ఒకటే: రామన్, బోస్, సాహా, భాభా. జి.ఎన్. రామచంద్రన్‌కి దక్కేది 'ట్రిపుల్ హెలిక్స్, 1954' అనే ఒక్క లైను. నేనూ అలాగే రాసుకున్నాను. ఒక మాక్ టెస్టులో ఆ ట్రిపుల్ హెలిక్స్‌ని డీఎన్ఏకి అంటగట్టి మార్కులు పోగొట్టుకున్నాక గానీ అసలు కథ చదవలేదు. మీకు ఆ గతి పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు పద్ధతి చూడండి. ఉన్ని, పట్టు, నైలాన్, మన చర్మంలోని కొల్లాజెన్ అన్నీ పాలిమర్లే, అంటే పొడవాటి గొలుసు అణువులు. పోగులో ఈ గొలుసులు చాలావరకు పొడుగు వెంట వరసగా ఉంటాయి. పోగు మీదికి సన్నని ఎక్స్-రే కిరణం పంపి వెనక ఫిల్మ్ పెడితే మచ్చలు పడతాయి. నిలువుగా పెట్టిన పోగుకైతే, గొలుసు పొడవునా ఏది ఎంత దూరానికి మళ్ళీ వస్తుందో పైన, కింద పడిన మచ్చలు చెబుతాయి. గొలుసుకీ గొలుసుకీ మధ్య ఎడమెంతో పక్కల పడినవి చెబుతాయి. దూరం చిన్నదైతే కోణం పెద్దది. బ్రాగ్ సూత్రంలో రాగి ఎక్స్-రే తరంగదైర్ఘ్యం 1.54 ఆంగ్‌స్ట్రాములు వేసి మీరే లెక్క కట్టండి. 2.9 ఆంగ్‌స్ట్రాముల దూరానికి కిరణం దాదాపు 31 డిగ్రీలు వంగుతుంది. కొల్లాజెన్ పోగులో 670 ఆంగ్‌స్ట్రాములకి ఒకసారి వచ్చే పెద్ద అమరికకైతే 0.13 డిగ్రీలే. అసలు కిరణాన్ని ఆనుకుని పడే ఆ మచ్చని పట్టుకోవడమే స్మాల్ యాంగిల్ స్కాటరింగ్.

1930లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఆస్ట్‌బరీ ఉన్ని మీద ఈ పనే చేశాడు. అది బట్టల మిల్లుల ఊరు. మద్రాసులో ఆ పాత్ర తోలుది. 1952లో ముప్ఫయ్యేళ్ళైనా నిండని రామచంద్రన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేరాడు. అక్కడికి వచ్చిన జె.డి. బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని మాటల్లో చెప్పాడు. పక్కనే అడయారులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ. (తర్వాత 1958లో దానికి డైరెక్టరైనది మన గుంటూరు జిల్లా యలవర్తి నాయుడమ్మగారే.) తోలుకి మూలపదార్థం కొల్లాజెనే కదా!

రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి కంగారూ తోక టెండాన్‌తో మంచి ఎక్స్-రే చిత్రాలు తీశారు. రసాయన విశ్లేషణ ఇచ్చిన ఆధారం ఇంకొకటి ఉంది. కొల్లాజెన్ అమైనో ఆమ్లాల్లో దాదాపు మూడో వంతు గ్లైసీన్. అన్నిటికన్నా చిన్నదది. మూడు గొలుసులు ఒకదాన్నొకటి ఆనుకుని నడిస్తే లోపల ఇంకేదీ పట్టదు, అందుకే ప్రతి మూడో చోటా గ్లైసీన్. 1954 ఆగస్టులో 'నేచర్'లో ఈ నమూనా వచ్చింది. 1955లో దాన్ని సవరించి, మూడు గొలుసులూ తాడులా పెనవేసుకున్నాయన్నారు.

ఇక్కడే గొడవ మొదలైంది. అదే ఏడాది రిచ్, క్రిక్ ఇంకో నమూనా తెచ్చారు. పేనిన మూడు గొలుసులు అందులోనూ ఉన్నాయి. కానీ ప్రతి మూడు అమైనో ఆమ్లాలకి రామచంద్రన్ రెండు హైడ్రోజన్ బంధాలంటే వాళ్ళు ఒక్కటే అన్నారు. మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని కూడా ఎత్తిచూపారు.

'అయితే పరమాణువులు ఎంతవరకు దగ్గరకి రాగలవు?' రామచంద్రన్ ఆ ప్రశ్ననే పట్టుకున్నాడు. అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ వెతికించి హద్దులు కట్టాడు. దాని ఫలితమే 1963లో రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో కలిసి ప్రచురించిన రామచంద్రన్ ప్లాట్. ఈరోజుకీ కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని దానితో సరిచూస్తారు.

మరి ఎవరు గెలిచారు? 1994లో కొల్లాజెన్‌ని పోలిన పెప్టైడ్ స్ఫటికాన్ని చూస్తే నేరుగా ఉన్న బంధం ఒక్కటే. అంటే బంధాల లెక్కలో మద్రాసు తప్పింది. మూడు పేటల సంగతి మాత్రం ముందే చెప్పింది. ఈ తప్పుని మన కోచింగ్ నోట్స్ దాచేస్తాయి, నాకది నచ్చదు. ఆ అభ్యంతరాన్ని తీసేస్తే 1963 నాటి ప్లాట్ ఎందుకు పుట్టిందో మెయిన్స్ జవాబులో మీరు చెప్పలేరు.

ఇంకొకటి, మనలాంటి బీటెక్ వాళ్ళ కోసం. రామచంద్రన్ బెంగళూరు ఐఐఎస్‌సీలో మొదట చేరింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో. అక్కణ్ణించి ఫిజిక్స్‌కి లాక్కెళ్ళింది సి.వి. రామన్.