శివారు చేలూ, జావా వెర్షన్లూ

పామిడిముక్కల వైపు పుట్టినవాడికి పాత్ వేరియబుల్ గురించి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. కాలవ మీద ఎవరి తూము ముందుంటే నీళ్ళు వాళ్ళకి ముందు, దివిసీమ శివారు చేలకి మిగిలినవి. కంప్యూటరూ అంతే. పాత్‌లో ఎడమవైపు నుంచి వెతుక్కుంటూ పోతుంది, మొదట కనపడ్డ జావా దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత మీరెంత కొత్త జేడీకే వేసుకున్నా దానికి చుక్క అందదు.

సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు జేడీకే 1.0ని 1996 జనవరిలో వదిలారు. మనవాళ్ళకి అసలు హడావుడి మాత్రం 1998లోనే. ఆ నవంబరులో వాజపేయి గారు హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు, డిసెంబరులో 1.2 వచ్చింది. దానికి పెట్టిన పేరేమో జావా 2! అక్కణ్ణుంచి ఈ అంకెల తికమక మొదలు. 2004లో వచ్చిన 5.0, కమాండు కొట్టి అడిగితే తన పేరు 1.5 అనేది. 2017లో 9 వచ్చాక గానీ ఆ ముందున్న ఒకటి వదల్లేదు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కోర్సుల్లో చేరిన కుర్రాళ్ళకి మొదటి పరీక్ష జావా కాదు, దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యడమే. ఎందుకంటే విండోస్‌లో ఇన్‌స్టాలరు జావా ప్రోగ్రాముని మాత్రం తీసుకెళ్ళి సిస్టమ్32 ఫోల్డర్లో పెట్టేది. కంపైలరు జావాసీని పెట్టేది కాదు. అంటే కాలవ మొదట్లోనే తూమన్నమాట :) పాత్ చివర 1.5 చేరిస్తే జావాసీ 1.5ది పలికేది, నడిపేది మాత్రం సిస్టమ్32లో ఉన్న పాత 1.4. అప్పుడు 49.0 అంటూ ఒక ఎర్రరు. 49 అంటే 1.5 క్లాస్ ఫైలు నంబరు, 1.4కి తెలిసింది 48 దాకానే. ఈ సంగతి తెలియకపోతే తన కోడ్‌లోనే తప్పుందనుకుని వెతుక్కోవాల్సిందే.

పోనీ పాతది తీసేద్దామా అంటే అదీ కుదరదు. 5.0లో ఈనమ్ అనేది కీవర్డయింది. అంతకుముందు ఎన్యూమరేషన్ వేరియబుల్‌కి జనం పెట్టుకున్న పేరూ అదే! అందుకని ఒకే మెషీన్లో రెండు జేడీకేలు, ఒక్కోదానికీ జావా హోమ్ మార్చే ఒక్కో బ్యాచ్ ఫైలు. డెబియన్ వాళ్ళు ఆల్టర్నేటివ్స్ అని ఒక పద్ధతి పెట్టారు. తర్వాత గ్రూవీ వాళ్ళ కోసం పుట్టిన జీవీఎం, ఎస్‌డీకేమ్యాన్‌గా మారింది. 2018లో 11 నుంచి ఒరాకిల్ తన బిల్డుకి లైసెన్సు నిబంధనలు మార్చాక ఏ వెర్షనో కాదు, ఎవరి జావా అన్నది కూడా ఎంచుకోవాల్సొచ్చింది.

నా లెక్కలో తెలుగువాడికి వీటన్నిటికన్నా పెద్ద మార్పు 2022 మార్చిలో వచ్చిన 18. జావా అక్షరం 1996లోనే యూనికోడ్. కానీ ఫైళ్ళు చదవడానికీ రాయడానికీ యూటీఎఫ్-8 డిఫాల్టు కావడానికి 26 ఏళ్ళు పట్టింది. అందుకే పాత ప్రాజెక్టు కోసం 8కి మారితే జావాసీకి ఎన్‌కోడింగ్ ఆప్షన్ మళ్ళీ ఇవ్వాలి. అది ఇచ్చినా, మామూలు ఇంగ్లీషు విండోస్‌లో పామిడిముక్కల అని ఫైల్‌రైటర్‌తో రాయించి చూడండి. సరిగ్గా 12 ప్రశ్నార్థకాలొస్తాయి, గుణింతాలకి కూడా కలిపి.