పెర్ల్‌లో పాకే ఇంచ్‌వార్మ్

పెర్ల్ భాషలో ~~ అనే జంట గుర్తును ప్రోగ్రామర్లు ముద్దుగా ఇంచ్‌వార్మ్ అంటారు. నడుము పైకెత్తి, నేల కొలుస్తున్నట్టు పాకే గొంగళిపురుగు పేరది. గుర్తు వంపులూ అలాగే ఉంటాయి. నిజానికి ఇది బిట్లను తిరగేసే ~ గుర్తే, రెండుసార్లు. తిరగేసిందాన్ని మళ్లీ తిరగేస్తే విలువ మొదటికొస్తుంది. మరి లాభం? సందర్భం మారుతుంది: జాబితా బదులు ఒకే విలువ, అంటే స్కేలార్, కావాలని పెర్ల్‌కు చెప్పినట్టవుతుంది. తేదీ, సమయం ఇచ్చే లోకల్‌టైమ్ ఫంక్షన్‌ను ఊరికే ప్రింట్ చేయమంటే సెకన్లు, నిమిషాలు మొదలుకొని 9 సంఖ్యలు అతుక్కుని వస్తాయి. ముందు ~~ పెడితే వారం, నెల, తేదీ, సమయం, సంవత్సరం చక్కగా చదువుకునేలా వస్తాయి.

1987లో పెర్ల్‌ను విడుదల చేసిన లారీ వాల్ భాషాశాస్త్రం చదివినవాడు. మాట అర్థాన్ని చుట్టూ ఉన్న వాక్యమే తేల్చే పద్ధతిని కోడ్‌లోకి తెచ్చాడు, అది నాకెంతో ఇష్టం. పదిమంది చదివే కోడ్‌లో మాత్రం ~~ బదులు స్కేలార్ అని విడమరిచి రాయడమే మేలు.